సాక్షి లేని మాట

గిరిజనుడు ఫోనులో మోసపోయాడని తెలిస్తే పట్నంలో వినిపించే మొదటి మాట "పాపం, అమాయకుడు" అని. అందులో జాలి ఉంది. జాలి వెనక ఒక తీర్పు కూడా ఉంది. లోకం తెలియదు కాబట్టి పోగొట్టుకున్నాడని, ఎదుటివాడి మాట నమ్మడమే అతని లోపమని ఆ తీర్పు. మన ఇళ్లలోనూ ఇంచుమించు ఇదే జరుగుతోంది. "ఎవడో ఫోన్ చేస్తే నంబరు చెప్పేస్తావా? బుద్ధి లేదా?" అని ఇంటివాళ్లే అంటారు. డబ్బు పోవడం ఒక దెబ్బ. ఈ మాట రెండో దెబ్బ.

కాబట్టి ముందుగా ఒక ప్రశ్న తేల్చుకోవాలి. నమ్మడం తప్పా? తప్పే అయితే, మన పెద్దలు మనకు నేర్పిన మంచి గుణాల్లో ఒకదాన్ని మన పిల్లల చేత మాన్పించాలి. ఎవరినీ నమ్మకు, ఎవరి మాటా వినకు అని బడిలో పాఠం చెప్పాలి. తప్పు కాకపోతే మరి ఈ మోసాల నుంచి బయటపడే దారేమిటి? ఈ రెండో ప్రశ్నకు జవాబు మన ఊళ్ల అలవాట్లలోనే ఉందని నా అభిప్రాయం.

మోసపోయేది అమాయకులే అన్న మాట ముందు పక్కన పెడదాం. అది నిజం కాదు. 'డిజిటల్ అరెస్టు' అనే మోసం సంగతి మీరు వినే ఉంటారు. పోలీసులమనో, సీబీఐ వాళ్లమనో ఫోన్ చేస్తారు. మీ పేరు మీద వచ్చిన పార్సిల్లో మత్తుమందు దొరికిందంటారు. వీడియో కాల్‌లో యూనిఫారం వేసుకుని కనిపిస్తారు. గది దాటి బయటికి రావద్దంటారు. కేసు లేకుండా చేయాలంటే డబ్బు పంపమంటారు. హర్యానాలోని అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు ఇలాగే కోటి రూపాయలకు పైగా పోగొట్టుకున్నారు. వాళ్లకు చూపించిన కాగితాల్లో సుప్రీంకోర్టు ఉత్తర్వులని దొంగగా తయారు చేసినవి కూడా ఉన్నాయి. ఆ దంపతులు రాసిన లేఖ మీదే 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టింది. దేశంలో డాక్టర్లు, ఇంజనీర్లు, రిటైరైన అధికారులు ఇదే వలలో పడ్డారు. చదువు వాళ్లను కాపాడలేదు. ఇంగ్లీషు కాపాడలేదు. ఇది తెలివికి సంబంధించిన విషయమే అయితే వాళ్లు ఎందుకు పడ్డారు?

ఎందుకంటే ఫోనులో మాట్లాడే దొంగ మన తెలివితో పోటీ పడడు. తెలివి పని చేయకుండా ఉండే స్థితిలోకి మనిషిని నెడతాడు. అందుకు వాడి దగ్గర నాలుగు పనిముట్లున్నాయి. భయం, ఆశ, తొందర, రహస్యం. మీ ఖాతా ఆగిపోతుంది అనడం భయం. లాటరీ తగిలింది, లోను మంజూరైంది అనడం ఆశ. ఇంకో పది నిమిషాలే టైముంది అనడం తొందర. ఇక నాలుగోది అన్నిటికంటే ముఖ్యమైనది: ఎవరికీ చెప్పకండి, ఫోన్ పెట్టేయకండి, తలుపు వేసుకోండి. మొదటి మూడూ ఫోనుకూ ఫోనుకూ మారతాయి. నాలుగోది మాత్రం దాదాపు ప్రతి పెద్ద మోసంలోనూ ఉంటుంది. ఆ గదిలో ఇంకో మనిషి ఉంటే, "అదేంటి, ఎవరు చేశారు?" అని ఒక్కమాట అడిగితే, వాడి పని చెడిపోతుంది. అందుకే డబ్బు కంటే ముందు వాడు మన దగ్గర నుంచి తీసేసేది సాక్షిని.

ఇప్పుడు మన ఊళ్లలో నమ్మకం ఎలా ఉండేదో, ఇంకా ఎలా ఉందో చూద్దాం. కాగితం లేకుండా విత్తనాలు బదులిస్తాం. పంట వచ్చాక తిరిగి తీసుకుంటాం. ఒకరి పొలంలో ఒకరు సాయం పడతాం. బయటివాళ్లకు ఇది గుడ్డి నమ్మకంలా కనిపిస్తుంది. కానీ గుడ్డిది కాదు. విత్తనం తీసుకున్న మనిషి ఎవరి కొడుకో తెలుసు. ఏ ఇంట్లో ఉంటాడో తెలుసు. మాట తప్పితే రేపు సంతలో ఎదురుపడాలి, పండగలో పక్కన కూర్చోవాలి. సవర ఊరైతే గొమాంగ్ దగ్గర, పెద్దల దగ్గర జవాబు చెప్పుకోవాలి. కాగితం లేకపోయినా ఊరే కాగితం. పదిమంది కళ్లే సంతకం. మనం నమ్మేది ఒట్టి మాటను కాదు, సాక్షులున్న మాటను.

చదువు కోసం కొండ దిగి శ్రీకాకుళంలో ఉంటున్న మన పిల్లలందరికీ అరసవల్లి తెలుసు. ఆదివారాల్లో, రథసప్తమి నాడు ఆ దారంతా జనమే. ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, పొద్దుటి కిరణాలు గుళ్లో సూర్యనారాయణ స్వామి పాదాల మీద పడతాయని చూడడానికి వస్తారు. ఆ సూర్యుడికి తెలుగులో కర్మసాక్షి అని పేరు. చేసే ప్రతి పనినీ పైనుంచి చూసేవాడని అర్థం. మన కొలుపులు వేరు, మన దేవతలు వేరు. అయినా ఆ పేరులోని ఆలోచన మనకు కొత్తది కాదు. న్యాయమైన పని వెలుతురులో జరుగుతుంది, నలుగురూ చూస్తుండగా జరుగుతుంది అని మన పెద్దలూ అనుకున్నారు. సంతలో చింతపండు తూచినా, కొండచీపుర్లు లెక్కపెట్టినా పట్టపగలే, అందరి మధ్యే.

అలాంటప్పుడు మనం ఇంతకుముందు మోసపోలేదా? పోయాం. ఎప్పుడెప్పుడు పోయామో చూస్తే, సాక్షి లేనప్పుడో, ఉన్న సాక్షికి చదవడం రానప్పుడో పోయాం. షావుకారు కొట్లో తెల్లకాగితం మీద వేలిముద్ర వేశాం. ఆ కాగితం మీద తర్వాత ఏం రాశారో చూసినవాడు లేడు. అప్పు తీరిందనుకున్న ఏడాది వడ్డీ మిగిలి ఉందన్నారు. చివరికి భూమి పోయింది. శ్రీకాకుళం కొండల్లో 1960ల చివర్లో రగిలిన గిరిజనోద్యమం వెనక ఈ కాగితాలూ, ఈ కొలతలూ, ఈ అప్పులూ ఉన్నాయి. ఓటీపీ అంటే ఏమిటని ఊళ్లో ముసలాయన అడిగితే నేను చెప్పే జవాబు ఇదే: "తాతా, అది ఈ కాలం వేలిముద్ర. తెల్లకాగితం మీద వెయ్యొద్దు."

ఆ అన్యాయానికి జవాబుగా ప్రభుత్వం కొన్ని పనులు చేసింది. అటవీ ఫలసాయం దళారుల పాలు కాకుండా 1956లో గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అనేది, ఏర్పడింది. 1959లో భూబదలాయింపు నియంత్రణ చట్టం వచ్చింది. 1970లో దాన్ని ఇంకా గట్టిగా సవరించారు. మనందరి నోటా ఉన్న 'వన్ ఆఫ్ సెవెంటీ' అదే. దానిలో ఒక నియమాన్ని ఉపాధ్యాయులు పిల్లలకు తప్పకుండా వివరించాలి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చినదేనని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదంటే రుజువు చేసుకోవలసింది ఆ గిరిజనేతరుడే. నాది అని గిరిజనుడు కాగితాలు పట్టుకుని తిరగనక్కర్లేదు. రుజువు భారాన్ని చట్టం ఇవతలి నుంచి అవతలికి మార్చింది.

ఈ నియమాన్నే ఫోనుకు తెచ్చుకుందాం. ఫోన్ మోగినప్పుడు మనం ఏం చేస్తున్నాం? "మీ పేరు చెప్పండి, మీ ఆధార్ చెప్పండి, మీరే ఆ మనిషని ఎలా తెలుస్తుంది?" అని వాడు అడుగుతుంటే మనం రుజువులు ఇస్తూ పోతున్నాం. పిలిచింది వాడు. మన ఇంటి గుమ్మంలోకి వచ్చింది వాడు. తానెవరో రుజువు చేసుకోవలసింది కూడా వాడే. వాడు చెప్పేది రుజువు కాదు, వాడు పంపిన ఐడీ కార్డు ఫొటో రుజువు కాదు, మన పేరూ ఊరూ తెలిసి ఉండడం అసలే రుజువు కాదు. మన వివరాలు ఎక్కడెక్కడ నుంచో బయటికి పోతున్న రోజులివి. ఫోన్ పెట్టేసి, పాసుపుస్తకం మీదున్న నంబరుకో, సచివాలయానికో, బ్యాంకుకో మనమే వెళ్లి అడగడమే రుజువు.

వాళ్లు ఎలా వస్తారో కొన్ని రకాలు చెబుతాను. పేర్లు మారుతుంటాయి, పద్ధతి మారదు.

బ్యాంకు పేరుతో వస్తారు. కేవైసీ అయిపోయింది, కార్డు ఆగిపోతుంది, వచ్చిన ఓటీపీ చెప్పండి అంటారు. ఏ బ్యాంకూ ఫోనులో ఓటీపీ గానీ, పిన్ గానీ అడగదు.

పథకం పేరుతో వస్తారు. పింఛను, పీఎం కిసాన్, స్కాలర్‌షిప్, గ్యాస్ సబ్సిడీ. వాట్సాప్‌లో ఒక ఫైలు పంపి నొక్కమంటారు. పేరు చివర 'ఏపీకే' అని ఉంటే అది ఫోనులో కొత్త యాప్ ఎక్కించే ఫైలు. అది ఎక్కాక మనకొచ్చే మెసేజీలు వాళ్లు కూడా చదవగలరు. పథకం నిజమైతే సచివాలయంలో అడిగినా అది నిజంగానే ఉంటుంది.

డబ్బు ఇస్తామని వస్తారు. మీ సరుకు కొంటాం, అడ్వాన్సు వేస్తాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటారు. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. జీడిపిక్కలూ అనాసపళ్లూ అమ్ముకునే ప్రతి ఇంట్లోనూ ఈ ఒక్క వాక్యం తెలిసి ఉండాలి.

ఉద్యోగం పేరుతో వస్తారు. రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫారం ఫీజు, ట్రైనింగు ఫీజు అని కొద్దికొద్దిగా లాగుతారు. పని ఇచ్చేవాడు జీతం ఇస్తాడు, ముందుగా మన దగ్గర తీసుకోడు.

కొడుకు పేరుతో వస్తారు. మీవాడికి యాక్సిడెంటు అయింది, మీవాణ్ని స్టేషన్లో పెట్టారు అంటారు. ఇప్పుడు గొంతును కూడా అనుకరించే యంత్రాలొచ్చాయి. అలాంటప్పుడు మన భాష మనకు అక్కరకొస్తుంది. ఇంటివాళ్లకే తెలిసిన ఒక ప్రశ్న సవరలోనో, కువిలోనో అడగండి. తర్వాత ఫోన్ పెట్టేసి కొడుకు నంబరుకే చేయండి.

పోలీసు పేరుతో వస్తారు. వీడియో కాల్‌లో అరెస్టు చేసే చట్టం మన దేశంలో లేదు. 2024 అక్టోబరు 27న 'మన్ కీ బాత్'లో ప్రధానమంత్రి కూడా ఇదే చెప్పి, ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత చర్య తీసుకోండి అన్నారు.

ఇవి కాక మోసం కాని వట్టి విసుగు ఫోన్లు కూడా ఉన్నాయి. లోను కావాలా, ప్లాటు కావాలా అని. వాళ్లను తిట్టనక్కర్లేదు. ఆ ఫోన్ చేసేది కూడా పొట్టకూటికి కూర్చున్న మన వయసు పిల్లే కావచ్చు. "వద్దమ్మా" అని పెట్టేస్తే చాలు. మరీ ఎక్కువైతే 1909కి చెప్పి ఆపించుకోవచ్చు.

భాష మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. మన యాసలో మాట్లాడితే మనవాడే అనుకుంటాం. గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల భాష నేర్చుకుని, నిఘంటువు రాసి, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు. భాష నేర్చుకోవడం ఆయనకు దగ్గరకు రావడానికి దారి అయింది. అదే భాష మాయమాటకు ఎరగా కూడా పనికొస్తుంది. కాబట్టి యాస విని మనసు కరగడం తప్పు కాదు గానీ, యాసను పూచీగా తీసుకోకూడదు.

ఇంతవరకూ మోసపోయేవాడి వైపు నుంచి చూశాం. అవతల ఫోన్ పట్టుకున్నది ఎవరు? ఈ ప్రశ్నకు మన ఉత్తరాంధ్రలోనే ఒక జవాబు దొరికింది. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, లక్షలు తీసుకుని యువకులను కంబోడియాకు పంపిన ముఠా అది. అక్కడికెళ్లాక పాస్‌పోర్టులు లాగేసుకున్నారు. భారతదేశంలోని వాళ్లకే ఫోన్లు చేసి, మెసేజీలు పెట్టి మోసం చేయమన్నారు. చేయనంటే చీకటి గదిలో పెట్టారు. ఆ నెలలోనే సిహనౌక్‌విల్ అనే ఊళ్లో భారతీయులు వందల సంఖ్యలో ఎదురు తిరిగారు. తర్వాత కొందరు విశాఖకు తిరిగొచ్చారు.

ఈ సంగతి మన ప్రశ్నను ఇంకా బరువు చేస్తుంది. తెలుగులో తియ్యగా మాట్లాడి మన ఊరి అవ్వ పింఛను డబ్బు లాగుతున్న గొంతు, ఉద్యోగం కోసం అప్పు చేసి వెళ్లి ఇరుక్కున్న మరో ఊరి కుర్రాడిది కావచ్చు. వాడూ ముందు ఒక ఫోనుతోనే మోసపోయాడు. అందుకని వాడు చేసేది మంచిదైపోదు. కానీ దొంగలు వేరే జాతి అనుకోవడం మాత్రం కుదరదు.

అంత దూరం పోనక్కర్లేదు. మన దగ్గరే హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండే పిల్లల దగ్గరికి వచ్చి, "నీ పేరు మీద ఖాతా తెరిచి ఇయ్యి, ఏటీఎం కార్డూ సిమ్మూ ఇయ్యి, నెలకింత ఇస్తాం" అనేవాళ్లున్నారు. దోచిన డబ్బు ఆ ఖాతాల గుండానే పారుతుంది. రేపు పోలీసులు వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గరికే. తమ్ముడూ, చెల్లీ, ఆ కొద్దిపాటి డబ్బు నీకు పని చేయకుండా వచ్చిందంటే, ఎవరి ఇంట్లోనో పనిచేసి దాచుకున్నది పోయిందని అర్థం. పోయినవాడి మొహం నీకు కనిపించదు కాబట్టి అది చిన్న విషయంలా అనిపిస్తుంది. మొహం కనిపించకపోవడమే ఈ మోసం మొత్తానికి మూలం. మోసపోకుండా ఉండడం ఎంత అవసరమో, మోసానికి మన చెయ్యి ఇవ్వకుండా ఉండడం అంతకంటే అవసరం.

ఇక సిగ్గు సంగతి. డబ్బు పోయినవాడు చాలాసార్లు ఇంట్లో చెప్పడు. తిడతారని, నవ్వుతారని. రెండు రోజులు దిగమింగుకుంటాడు. ఆ రెండు రోజులూ దొంగకు లాభం. మోసం జరిగిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే, డబ్బు ఖాతా నుంచి ఖాతాకు మారుతుండగానే ఎక్కడో ఒకచోట ఆపడానికి వీలుంటుంది. ఆలస్యమైన కొద్దీ ఆ వీలు తగ్గిపోతుంది. బ్యాంకుకు కూడా వెంటనే చెప్పాలి. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన నియమాల ప్రకారం, మన పొరపాటూ బ్యాంకు పొరపాటూ లేకుండా మధ్యలో ఎక్కడో లోపంతో డబ్బు పోతే, బ్యాంకు నుంచి కబురు అందిన మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే ఆ నష్టం మనమీద పడదు. ఓటీపీ మనమే చెప్పి ఉంటే ఫిర్యాదు చేసేదాకా పోయింది మనమీదే పడుతుంది. ఫిర్యాదు చేశాక పోయేది బ్యాంకు భరించాలి. ఎలా చూసినా, నోరు విప్పినవాడికి మేలు జరుగుతుంది, దాచుకున్నవాడికి కాదు.

అందువల్ల మోసపోయినవాణ్ని తిట్టడం మర్యాద తప్పడమే కాదు, దొంగకు సాయం చేయడం. మన ఇంట్లో తిట్టు భయం ఉన్నంతకాలం రహస్యం అనే ఆ నాలుగో పనిముట్టు వాడి చేతిలో పదునుగా ఉంటుంది. సిగ్గుపడవలసింది మాట ఇచ్చి తప్పినవాడు. మాట నమ్మినవాడు కాదు.

ఒక సందేహం రావచ్చు. ప్రతి మాటకూ రుజువు అడిగితే మనసు గట్టిపడిపోదా? కొండల్లో మనిషి మీద మనిషికి ఉన్న ఆ తడి ఆరిపోదా? ఆరదు. నిజమైన బ్యాంకు ఉద్యోగి "సరే, రేపు బ్రాంచికి రండి" అంటాడు. నిజమైన కొడుకు "మళ్లీ చేయమ్మా" అంటాడు. పరీక్షకు కోపం తెచ్చుకునేది అబద్ధమే. పక్కింటివాణ్ని అనుమానించమని నేను చెప్పడం లేదు. ముక్కూమొహం తెలియనివాడి మాట వచ్చినప్పుడు పక్కింటివాణ్ని పిలవమంటున్నాను. అప్పుడు తెలిసినవాళ్ల మధ్య నమ్మకం ఇంకా పెరుగుతుంది.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఈ పాఠం బోర్డు మీద రాస్తే నిలవదు. ఒక పిల్లవాణ్ని దొంగగా, ఇంకొకర్ని అవ్వగా నిలబెట్టి తరగతిలో ఆడించండి. సవర పిల్లలు సవరలో, జాతాపు పిల్లలు కువిలో ఆడాలి. దొంగ భయపెట్టాలి, ఆశపెట్టాలి, తొందరపెట్టాలి. చివర్లో "ఎవరికీ చెప్పొద్దు" అనగానే తరగతి అంతా ఒక్కసారిగా "చెప్తాం!" అని అరవాలి. ఆ పిల్లలు సెలవులకు ఇంటికెళ్లి అదే ఆట అమ్మమ్మ ముందు ఆడతారు. 1930 అన్న నంబరు హాస్టల్ గోడ మీదే కాదు, ప్రతి ఇంటి తలుపు వెనకా సుద్దముక్కతో రాసి ఉండాలి.

యువతకు ఒకే మాట. మన ఊళ్లలో చాలాచోట్ల సిగ్నల్ కోసం ఇంటికి దూరంగా, దిబ్బ ఎక్కి ఒంటరిగా నిలబడి మాట్లాడాలి. ఫోన్ మనల్ని నలుగురి నుంచి విడదీసేది అక్కడే. డబ్బు మాట వచ్చిన ఏ ఫోనైనా అక్కడే పెట్టేసి కిందికి దిగి రండి. ఇంట్లోనో, అరుగు మీదనో, ఎవరో ఒకరికి ఆ మాట పైకి చెప్పండి. పైకి చెబుతుండగానే సగం అబద్ధాలు మీ చెవికే తెలిసిపోతాయి.